నాణెం పట్టే సందు

రోహిణి కార్తె నాలుగో రోజు.
కోకాపేటలో పంతొమ్మిదో అంతస్తు.
చెప్పులు బయట విడిచి అడుగు పెట్టాను.
అరికాలికి ముందు తెలిసింది,
కంటికి తర్వాత.

"పాలిష్ పగిలింది, చూడండి," అన్నారు మధులత గారు.
"ఆ తాజుద్దీన్ నాసిరకం డబ్బా వాడాడు.
నలభై రెండు వేలు ఆపేశాం.
మీరొక్క మాట రాసిస్తే చాలు."

రాసివ్వడమే నా పని.
నేలను అడక్కుండా మాత్రం రాయను.

లైట్లన్నీ ఆర్పమన్నాను.
టార్చిని నేలమీద పడుకోబెట్టాను,
వెలుగు పలకల మీదుగా పాకేట్టు.
పైనుంచి పడే వెలుతురుకి నునుపుగా కనిపించేదంతా
పక్కనుంచి చూస్తే దాచుకోలేదు.

బుడగల్లేవు. ఇసుక రేణువుల్లేవు.
గోటితో గీకినా పొర లేవలేదు.
పాలిష్ గట్టిగానే పట్టుకుంది.
మరీ గట్టిగా.

మోకాళ్ళ మీద లెక్కపెడుతూ పోయాను.
ఆరు పలకల దాకా వెంట్రుక దూరదు.
ఆరుకీ ఏడుకీ మధ్య
రెండు రూపాయల బిళ్ళ నిలబడింది.
తర్వాత తొమ్మిది పలకలు ఒక్కటే బిగువు,
మళ్ళీ ఒక సందు.
దాని అంచు పొడవునా పొర సాగి, తెల్లబడి, చిరిగింది
ఎండాకాలపు పెదవిలా.

ఎప్పుడు పరిచారు?
"ఆషాఢంలో. శ్రావణంలో గృహప్రవేశం కదా."
కిటికీలకి అద్దాలు?
"అప్పటికింకా బిగించలేదు."
ఏసీ?
"మార్చి నుంచి రాత్రీ పగలూ. మా అత్తయ్యకి ఉక్క పడదు."

మీటర్ సూదులు గుచ్చితే ఆరున్నర చూపించింది.
ఆ ముసురులో ఇదే చెక్క
పన్నెండో పదమూడో తాగి ఉంటుంది.

మా మేనమామ కనకాచారి
టింబర్ డిపోలో రంపం పొట్టు దులుపుకుంటూ అనేవాడు:
"రోహిణికి రోళ్ళే పగుల్తయ్ రా.
రోలు చెక్కినోణ్ణి ఎవరన్న తిడతరా?"

వానల్లో ఉబ్బిన పలకలు
భుజాలు రాసుకుంటూ నిలబడ్డప్పుడు
తాజుద్దీన్ పొర పోశాడు.
అది సందుల్లోకి దిగి జిగురైంది.
ఎండలొచ్చాక
ప్రతి పలకా వెంట్రుకవాసి జరుగుదామనుకుంది.
పక్కది వదల్లేదు.
ఎవరికి వాళ్ళు తీసుకోవాల్సిన ఆ కాస్త ఎడమూ
పోగై పోగై
పట్టు తక్కువున్న ఒక్కచోట తెగింది.

ఇది చెబుతుండగా లోపలి గది తలుపు తెరుచుకుంది.
పెద్దావిడ, రెండు శాలువలు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు.
"ఉక్క నాకా? ఈ చలికి నా మోకాళ్ళు పట్టేశాయి.
నీకు కావాలేమోనని ఊరుకున్నానే అమ్మాయ్."
మధులత గారు రిమోట్ వైపు చూశారు.
నేను మీటర్ వైపు చూశాను.

కొటేషన్ కాగితం అడిగి తీసుకున్నాను.
అడుగు పూతగా సీలర్, ఎదురుగా ఎర్ర పెన్నుతో అడ్డగీత.
ఎవరు కొట్టేశారని నేను అడగలేదు.
ఆవిడా చెప్పలేదు.

"సర్లెండి, ఆదివారానికల్లా ఆ సందులు నింపించెయ్యొచ్చా?"

వద్దు.
ఇప్పుడు నింపితే
వానలకి తిరిగొచ్చే పలకకి చోటుండదు,
నేల గూని తేలుతుంది.
మృగశిర చేపలు తిన్నాక నాలుగు ముసుర్లు పట్టనివ్వండి.
పొద్దున పూట కిటికీ తీయండి.
అప్పటికీ సందు మిగిలితే నన్ను పిలవండి.

రిపోర్టులో మూడే వాక్యాలు రాశాను.
పాలిష్ దోషం లేదు.
పరిచిన కాలం, కొట్టేసిన పూత, ఆపని ఏసీ.
తాజుద్దీన్ బాకీ చెల్లించాలి.
మూడో వాక్యం నా పరిధిలోది కాదని తెలుసు,
దాని కిందే సంతకం పెట్టాను.

లిఫ్టు ఎనిమిదో అంతస్తు దాటాక గుర్తొచ్చింది,
బిళ్ళ ఆ సందులోనే ఉండిపోయిందని.
వెనక్కి వెళ్ళలేదు.
భాద్రపదంలో వచ్చి లాగి చూస్తాను.
రాకపోతే
నేల కోలుకున్నట్టు.